మచ్చ ఏ పొరలో నున్నది?

దసరానాడు కమ్మర్‌పల్లి వంటి ఊరిలో ఆయుధపూజ యనగా నేడు చాలవరకు వాహనపూజయే. నాగలికి, కొడవలికి పసుపు కుంకుమలు పెట్టిన చేతులే ట్రాక్టరునకును, కారునకును పెట్టును. ఇది పసుపు పండు సీమ. కమ్మర్‌పల్లిలో పసుపు పరిశోధన స్థానమే యున్నది. కాబట్టి ఆనాటి పూత పలుచనిది కాదు. మరునాడు తెల్లకారు ముందు మూతపై పచ్చని అరచేతి గుర్తు మిగులును. యజమాని దానిని సబ్బునీళ్లతో కడుగును. పచ్చన కాస్త యెర్రనగును. అతడు కంగారుపడి అంట్లు తోము పొడి గుడ్డపై చల్లి గట్టిగా రుద్దును. పసుపు పోవును. దాని చోట మెరుగు చచ్చిన మరక యొకటి నిలుచును. మొదటి మచ్చ ఎండలో కొన్నాళ్లుంచిన తనంతట తాను వెలిసిపోవునదే. రెండవది వెలిసిపోవునది కాదు.

మోటారు బండి రంగుపై మొండి మచ్చల చరిత్ర యంతయు ఈ చిన్న సంఘటనలో నిమిడి యున్నది. మచ్చను చూచినవాడు వెంటనే దానిని దేనితో తీయవలెనని యడుగును. పనితనమెరిగినవాడు అది యే పొరలో నున్నదని మొదట విచారించును. ఆ పొర యే కాలపు రంగో తరువాత విచారించును. ఈ రెండింటికిని సమాధానము తెలిసినచో మందు సులభము. తెలియనిచో మందే రోగమగును.

పైకి కనబడునది ఒకటి, లోపల నున్నది వేరొకటి యను మాట ఈ ప్రాంతపు పనివారికి క్రొత్తది కాదు. కమ్మర్‌పల్లి సమీపమున నున్న కోనసముద్రము ఒకప్పుడు మూస ఉక్కునకు పేరుపడిన గ్రామము. వాయిసీ యను భూగర్భశాస్త్రవేత్త అచ్చటి కొలిమి పనిని చూచి వ్రాసిన వర్ణనము 1832లో కలకత్తా ఆసియాటిక్ సొసైటీ పత్రికయందు అచ్చయినది. ఆ ఉక్కు కొనుటకు పారశీక వర్తకులు అంతదూరము వచ్చుచుండిరి. అట్టి ఉక్కుతో చేసిన కత్తిని నునుపు చేసి, ఆమ్లగుణము గల ద్రవమును పూసినచో నీటి అలల వంటి చారలు పైకి తేలును. ఆ చారలే కత్తికి విలువ. అప్పుడు లోహము లోపలి గుర్తును పైకి తెచ్చుట నేర్పు. మోటారు కాలమున ఉక్కును కంటికి కనబడకుండ కప్పుట నేర్పు. కారు రేకు మిక్కిలి పలుచన. తడియు గాలియు తగిలినచో త్రుప్పు పట్టక మానదు. రంగు దానికి మొదట కవచము, పిమ్మటనే అలంకారము.

ఆ కవచము ఒకే పూత కాదు. ఈ సంగతి తెలియుటకు ఆర్మూరు నుండి ఉత్తరముగా గోదావరి దాటి నిర్మలకు పోయిన చాలును. అచ్చటి బొమ్మల పనివారు తేలికైన పొనికి చెక్కను మలచి, రంపపు పొట్టును చింతగింజల జిగురుతో కలిపిన ముద్దతో అతుకులు పూడ్చి, పైన తెల్లసుద్ద పూసి, ఆరిన పిమ్మట నునుపు చేసి, అటు తరువాతనే రంగు ముట్టుదురు. నిజామాబాదులో కారునకు రంగు వేయు పనివాడు చేయునదియు ఇదియే. సొట్టలు తీసిన రేకుపై ప్రైమరు, పల్లములలో లప్పము, దానిపై మరల ప్రైమరు, పిమ్మట రంగు, చివర మెరుగు పూత. లప్పము పల్లమును నింపును, ప్రైమరు అంటుకొనును, రంగు కనబడును, మెరుగు పూత కాపాడును. ఒక పొర తన పని సరిగా చేయనిచో ఆ దోషము పై పొరలో బయటపడును. బొమ్మపై రంగు పగిలినదన్న రంగు చెడ్డదని యర్థము కాదు. సుద్ద పచ్చిగా నుండగనే పూసి యుండవచ్చును. కారునకును అదే న్యాయము.

మోటారు కారు పుట్టిన తొలినాళ్లలో దానికంటూ ప్రత్యేకమైన రంగు లేదు. గుఱ్ఱపు బగ్గీలకు వేయు రంగునే వేయుచుండిరి. హైదరాబాదులోని చౌమహల్లా ప్రాసాదమున సింహాసనపు కారని పేరొందిన పసుపుపచ్చని రోల్స్ రాయిస్ కలదు. ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ కోరి తయారుచేయించిన ఆ బండి ఆయన మరణానంతరము 1912లో సిద్ధమైనది. ఆ కాలపు కార్లకు రంగు వేయుట వారముల తరబడి సాగు పని. అవిసెనూనెతో నూరిన రంగును కుంచెతో పూయుట, ఆరనిచ్చుట, నురుగురాతి పొడితో నీటిలో రుద్దుట, మరల పూయుట, చివర వార్నీషు. అవిసెనూనె గాలిలోని ప్రాణవాయువును పీల్చుకొని గట్టిపడును. అందుకే అంత ఆలస్యము.

ఆ కాలపు మచ్చలును ఆ నూనెనుండి పుట్టినవే. పూత మందమైనచో పైభాగము ముందుగా ఆరి, లోభాగము పచ్చిగా నుండి, ముడుతలు పడును. ఆరు దినములలో గాలిలోని ధూళి వాలి గింజలు కట్టును. వార్నీషు ఏండ్లు గడిచిన కొలది పచ్చబారి సన్నని బీటలు వారును. వీనికన్నింటికిని మందు ఒకటే: పూర్తిగా ఆరువరకు ఆగి, చెడిన పొరవరకు గీకి, మరల పూయుట. తొందర పడినవాడు ముడుతపై మరియొక పూత వేసి రెండు ముడుతలు సంపాదించును.

కార్లు వేలకొలది తయారగుట మొదలైన పిమ్మట ఇంత ఓపిక ఎవరికి? అమెరికాలో ఫోర్డు సంస్థ తన మోడల్ టి కారును 1914 నుండి 1925 వరకు నల్లరంగులో మాత్రమే అమ్మినది. కొలిమిలో కాల్చి ఆరబెట్టు ఆ నల్ల పూత చవుక, గట్టిది. రంగులు కోరువారికి దారి వేరొక చోట తెరచుకొనినది. ప్రత్తిని నత్రికామ్లముతోను గంధకికామ్లముతోను సంస్కరించిన నైట్రోసెల్యులోజు అంతకుముందే సినిమా ఫిల్ముగా వాడుకలో నుండెను. దానిని ద్రవములో కరిగించినచో జిగురువలె చిక్కగా నుండెడిది. పలుచన చేసినచో రంగు నిలిచెడిది కాదు. 1920 ప్రాంతమున డ్యూపాంట్ సంస్థవారు దాని చిక్కదనమును తగ్గించు ఉపాయమును కనుగొనిరి. 1923లో డ్యూకో యను పేర జనరల్ మోటార్స్ సహకారముతో కారు రంగు వెలువడినది. 1924 నమూనా ఓక్లాండ్ కార్లు నీలివర్ణముతో బజారుకు వచ్చినవి. వారములు పట్టిన ఆరబెట్టు పని గంటలకు దిగినది.

ఈ రంగునకు కుంచె పనికిరాదు. కుంచె రెండవసారి తగులునప్పటికే అది ఆరిపోవును. గాలితో చిమ్మవలెను. ఆ చిమ్మెడు పరికరము పుట్టుక వినదగినది. అమెరికాలోని ఒహాయో రాష్ట్రమున డివిల్బిస్ అను వైద్యుడు గొంతు రోగులకు మందు చల్లుటకు 1888లో చిన్న పిచికారీ చేసెను. ఆయన కుమారుడు దానినే పెంచి రంగు చల్లుటకు అనువుగా మార్చెను. రోగనిదానము చేయు వైద్యుని చేతి పనిముట్టే రంగుపనివాని చేతికి వచ్చినదన్నమాట. పనిముట్టుతో పాటు నిదానమును నేర్చుకొనినవాడే మంచి పనివాడు.

డ్యూకోను కరిగించు ద్రవములలో ముఖ్యమైనది బ్యూటనాలు నుండి చేయబడునది. మొదటి ప్రపంచయుద్ధమున తుపాకిమందునకు కావలసిన అసిటోను కొరకు, తరువాత ఇజ్రాయెలు తొలి అధ్యక్షుడైన వైజ్‌మన్ ధాన్యమును పులియబెట్టు పద్ధతి నొకదానిని నెలకొల్పెను. అందులో బ్యూటనాలు ఉపఫలముగా మిగిలిపోవుచుండెను. యుద్ధానంతరము కారు రంగు దానికి గిరాకి తెచ్చినది. 1930 తరువాత ధాన్యమునకు బదులు చక్కెర మిల్లుల మడ్డిని పులియబెట్టసాగిరి. 1937లో స్థాపింపబడి 2015లో మూతపడిన బోధను నిజాం చక్కెర కర్మాగారము నెరిగినవారికి ఆ మడ్డి వాసన క్రొత్త కాదు. ప్రత్తి చేనును చెరకు తోటయు కలిసి కారు మెరుపైనవని చెప్పిన అతిశయోక్తి కాదు.

మన వైపు మోటార్లు పెరుగుచున్నదియు ఆ కాలముననే. 1932లో నిజాం రాష్ట్ర రైల్వేవారు 27 బస్సులతో రోడ్డు రవాణా శాఖను తెరచిరి. బండ్లు వచ్చిన చోట గీతలు, సొట్టలు తప్పవు. వానితో పాటు డ్యూకో డబ్బాలును జిల్లాలకు చేరినవి. కాలక్రమమున నిర్మల పనివారును చెట్ల రసముల రంగులతో పాటు డ్యూకోను చేపట్టిరి. బగ్గీ రంగుతో మొదలైన కారు, తన రంగును బొమ్మల కిచ్చినది.

డ్యూకో తెచ్చిన క్రొత్త మచ్చ తెల్లబారుట. వానకాలమున రంగు చల్లినచో నల్లకారు బూడిద పూసినట్లగును. కారణమిది: థిన్నరు వేగముగా ఆవిరియగునప్పుడు రంగు ఉపరితలము చల్లబడును; చల్లని కూజాపై చెమ్మ పట్టినట్లే గాలిలోని తేమ దానిపై నీరై, పూతలో చిక్కుకొనును. దీనిని రుద్ది పోగొట్టజూచుట వృథా. పొడిదినము వచ్చువరకు ఆగి, నెమ్మదిగా ఆవిరియగు థిన్నరును పలుచగా చల్లినచో పూత తిరిగి మెత్తబడి, చెమ్మ వెలువడి, నలుపు మరల వచ్చును. డ్యూకో ఎన్నేండ్లయినను తన థిన్నరులో కరుగును గనుక ఈ చికిత్స సాధ్యము.

సరిగ్గా ఈ గుణమే తరువాతి కాలమున చిక్కు తెచ్చినది. 1930 మొదలుకొని ఎనామిల్ రంగులు వచ్చినవి. ఇవి ఆవిరియై ఆరుటతో ఆగక, రసాయనిక మార్పుతో గట్టిపడునవి; మెరుగు పెట్టకయే మెరయును. 1957 నుండి 2014 వరకు తయారైన అంబాసిడరు కారు మన ఊళ్లలో చేతులు మారిన కొలది, దాని యొంటిపై ఏ పూత ఎప్పటిదో యజమానికే తెలియకుండెను. పూర్తిగా గట్టిపడని ఎనామిల్ పై డ్యూకో చల్లినచో దాని తీక్ష్ణమైన థిన్నరు అడుగు పూతను ఉబ్బించి లేవదీయును. రంగంతయు ముసలివాని చర్మమువలె ముడుతలు పడును. చాలమంది రంగు డబ్బాను నిందింతురు. తప్పు డబ్బాది కాదు, ముందు విచారింపకుండుటది.

ఆ విచారణకు పనివారు వాడు పరీక్ష మిక్కిలి సులభము. తలుపు లోపలి అంచువంటి కనబడని చోట తెల్లగుడ్డకు థిన్నరు తడిపి మెల్లగా తాకించవలెను. రంగు కరిగి గుడ్డ కంటినచో అది డ్యూకో జాతి. ముడుతపడినచో ఇంకను పచ్చిగా నున్న ఎనామిల్. ఏమియు కానిచో బాగుగా గట్టిపడినది, లేదా నేటి కాలపు రెండు డబ్బాల రంగు.

ఈ రెండు డబ్బాల రంగునకు మూలము 1937లో జర్మనీలో ఆటో బేయరును సహచరులును కనుగొనిన పాలీయురిథేను. రంగునకు గట్టిపరచు ద్రవమును కలిపిన కొలది కాలములోనే అది విడదీయరాని వలగా అల్లుకొనును. పిమ్మట ఏ థిన్నరునకును లొంగదు. దానితో పాటు రంగును, మెరుపును రెండుగా విడదీయు పద్ధతి వచ్చినది. అడుగున రంగు, పైన పారదర్శకమైన క్లియరు కోటు. నేటి కారు రంగు పొరలన్నియు కలిపి సాధారణముగా 100 నుండి 150 మైక్రానులు. అనగా సుమారు రెండు వార్తాపత్రిక కాగితముల మందము. అందులో క్లియరు కోటు వంతు మూడవ భాగము మాత్రమే. ఎండలోని హానికర కిరణములను అడ్డగించు మందు ఆ సన్నని పొరలోనే యున్నది. మెరుగు పెట్టిన ప్రతిసారియు కొంత పొర తరిగిపోవును. బగ్గీకాలపు వార్నీషువలె దీనిని లెక్క లేక రుద్దుటకు వీలు లేదు. మన చేతిలో నున్న మూలధనము అంతయే.

కనుక నేటి మచ్చకు నిదానము మూడు మెట్లుగా చేయవలెను. మొదట శుభ్రముగా కడిగి, నీడన నిలిపి, ఏటవాలు వెలుతురులో చూడవలెను. మచ్చ అనుకొనినది కేవలము మురికి కావచ్చును. రెండవది, గీతపై నీటి చుక్క వేయవలెను. తడిలో గీత మాయమైనచో అది క్లియరు కోటు పైభాగముననే యున్నది, పాలిషుతో పోవును. కనబడుచునే యుండి గోరునకు తట్టినచో లోతైనది. రుద్దుట మాని, రంగు నింపవలెను. తెల్లని ప్రైమరు కాని, లోహము కాని కనబడినచో ఆలస్యము చేయరాదు, త్రుప్పు బయలుదేరును. మూడవది, తెల్లగుడ్డపై కొద్ది పాలిషు వేసి ఒక మూల రుద్దవలెను. గుడ్డకు కారు రంగు అంటినచో పైన క్లియరు కోటు లేదు, అంటనిచో ఉన్నది.

మచ్చ జాతులును చెప్పదగినవి. నారింజ తొక్కవలె గరుకుగా నున్నచో రంగు చిక్కన, లేక గన్ను దూరమైనది. పూర్తిగా గట్టిపడిన పిమ్మట మిక్కిలి సన్నని వాటరు పేపరుతో నీటిలో రుద్ది పాలిషు పట్టిన చదునగును. రంగు తొలగి చేపకన్నుల వంటి గుంటలు పడినచో రేకుపై నూనె, మైనము, లేదా సిలికాను పాలిషు మిగిలియున్నది. దానిపై ఎన్ని పూతలు వేసినను అవే కన్నులు తెరచుకొనును. గీకి, శుభ్రపరచి, మరల మొదలిడవలసినదే. చిన్న పొక్కులు లేచినచో లోపల తడి చిక్కినది. చెమట చేతితో ప్రైమరును తాకినను, గాలి యంత్రములోని నీటిని వదలకున్నను ఇట్లగును. పొక్కును చిదిపి చూడవలెను. అడుగున ఎర్రని త్రుప్పు కనబడినచో వ్యాధి రంగుది కాదు, రేకుది.

ఇంటివారు తామే తీసికొనదగిన మచ్చలును కలవు. బోరు నీటితో కడిగి ఎండలో ఆరనిచ్చినచో సున్నపు వలయములు నిలుచును. అవి ఉపరితలము మీది ఖనిజములు గనుక నీరు కలిపిన వెనిగరుతో తుడిచి, వెంటనే మంచినీటితో కడిగిన కరగును. ఆలస్యము చేసిన పూతను తినివేయును. పక్షి రెట్టయు అట్టిదే. వేడి రేకుపై నిలువనీయరాదు, తడిపి మెత్తబరచి ఎత్తవలెనే గాని ఎండినదానిని గోకరాదు. చక్కెర మిల్లులు నడచు కాలమున చుట్టుపట్ల వాహనములపై చెరకు పిప్పి కాలిన నల్లని నుసి వాలును. అందు సిలికా అధికము, అనగా అది సన్నని ఇసుకతో సమానము. పొడిగుడ్డతో తుడిచినవాడు నుసిని పోగొట్టి వేయి గీతలు తెచ్చుకొనును. ధారాళముగా నీరు పోసి జార్చివేయుటయే దానికి మందు.

ఇక పనివారి మాట చెప్పక ముగించుట న్యాయము కాదు. రెండు డబ్బాల రంగులోని గట్టిపరచు ద్రవమున ఐసోసయనేటులు ఉన్నవి. వాని తుంపురు పీల్చినవానికి ఉబ్బసము కలుగవచ్చును. ఒకమారు శరీరము దానికి ఓర్వలేని స్థితికి వచ్చినచో తరువాత కొద్ది ఆవిరియు దాడి చేయును. ముక్కుకు కట్టిన చేతిరుమాలు దీనిని ఆపలేదు. తగిన ముసుగును, గాలి బయటికి పోవు గదియు కావలెను. మన బండి మీద గోటంత మచ్చ పోవుటకు మొత్తము తలుపునకు రంగు చల్లుమని అడుగునప్పుడు, ఆ తుంపురులో నిలుచు మనిషిని గూడ లెక్కలోనికి తీసికొనవలెను. పాలిషుతో పోవు మచ్చకు గన్ను ఎత్తించుట డబ్బునకే కాదు, ఊపిరికిని దండుగ.

మరల ఆ పసుపు గుర్తు కడకు వత్తము. పసుపులోని కుర్కుమిను సబ్బులోని క్షారము తగులగనే యెర్రబారును. పసుపునకు సున్నము కలిపి కుంకుమ చేయు ఇల్లాలికి ఈ సంగతి తెలిసినదే. అదే కుర్కుమిను ఎండకు నిలువదు. పసుపు పూసిన చీర ఎండలో వెలియుటయు అందుకే. కావున క్షారము లేని షాంపూతో కడిగి, బండిని కొన్నాళ్లు ఎండలో నిలిపినచో గుర్తు చాలవరకు వెలిసిపోవును. నేటి బజారు కుంకుమలో కృత్రిమ వర్ణములు కలియుట వలన అది అంత సులభముగా పోకపోవచ్చును. దానిని పూజ ముగిసిన సాయంకాలమే తడిగుడ్డతో ఎత్తివేయుట మేలు. ఇంకను అంచున ఛాయ మిగిలినచో అప్పుడు సన్నని పాలిషు, అదియు ఆ మేరకే.

మూస ఉక్కు కమ్మరి, బొమ్మల పనివాడు, బగ్గీ రంగరి, గన్ను పట్టిన నేటి పనివాడు: వీరందరు ముందు చూచి, తరువాత ముట్టినవారు. వచ్చే దసరానాడు మన తెల్లకారు మీద పచ్చని అరచేయి కనబడినప్పుడు మనమును అట్లే చేయుదము. గుడ్డ తీయుటకు ముందు ఒక్క నీటి చుక్క వేసి చూతము.